చెప్పుల కాపలా

పీర్ బాషా వ్యాను ముందద్దానికి అంటుకున్న పురుగులను తడిగుడ్డతో తుడుస్తూ, వెనక్కి తిరగకుండానే కేకేశాడు.

"పిల్లోళ్ళను లేపండప్పా. ఇంగ కొంచేపుంటే పొద్దు పొడుస్తాది. దానికి టికెట్టు గూడా లేదు."

వ్యానులో పదిమంది ఒకరిమీద ఒకరు ఒరిగి నిద్రపోతున్నారు. బేతంచెర్లలో బండల పాలిషు మిషను నడిపే దేవేంద్రప్ప, అతని తమ్ముడు, ఇద్దరి భార్యలు, ఆరుగురు పిల్లలు. నిన్న సాయంత్రం బయల్దేరి, నంద్యాల దాటి, గిద్దలూరు ఘాటు దిగి, తెల్లవారకముందే చీరాల దగ్గరి వాడరేవు చేరారు. ముందు సీటులో, డ్రైవరు పక్కన, పీర్ బాషా భార్య మాబీ మాత్రం మెలకువగానే ఉంది. కొంగు తలమీదికి లాక్కుని, ఒడిలో రొట్టెల మూట పెట్టుకుని, చీకట్లో వినిపిస్తున్న హోరునే వింటోంది.

"అదేనా?" అంది.

"అదే" అన్నాడు పీర్ బాషా.

ఆమె సముద్రం చూపించమని అడగడం మొదలుపెట్టి పదిహేడేళ్ళయింది. కిరాయి బండిలో డ్రైవరు పెళ్ళానికి సీటెక్కడిది? ఈసారి దేవేంద్రప్ప అత్త మోకాళ్ళ నొప్పులొచ్చి ఆగిపోయింది. "అక్కను తోల్కరా బాషన్నా, సీటు ఉత్తగా పోతాది గదా" అన్నాడు దేవేంద్రప్ప. అలా దొరికిన మొదటి అవకాశమే ఆఖరిది కూడా. ఈ నెలతో వ్యాను కాగితాల గడువు తీరిపోతుంది. యజమాని సమీవుల్లా దాన్ని తుక్కుకు వేసేస్తున్నాడు. అరవై ఒకటో ఏట పీర్ బాషా సమీవుల్లా టైర్ల కొట్లో కూర్చోబోతున్నాడు. టైర్ల కొట్లోంచి సముద్రానికి ఎవరూ పోరు.

మనిషి పొడగరి, సన్నం. ఏళ్ళ తరబడి కిటికీలోంచి బయటపెట్టి ఉంచడంవల్ల కుడిచేయి ఎడమచేతికన్నా బాగా నల్లబడింది. రెండు చేతులూ పక్కపక్కన పెడితే ఇద్దరు మనుషులవి అనుకోవాలి. గడ్డం నెరిసింది, మీసం ఇంకా నలుపు వదల్లేదు. కాళ్ళకు తోలు చెప్పులు, అడుగున పాత టైరు ముక్క. క్లచ్చు తొక్కి తొక్కి ఎడమచెప్పులో బొటనవేలి కింద చిన్న గుంట పడింది. ఆ చెప్పులకు ఎన్నిసార్లు కుట్లు వేయించాడో లెక్కలేదు. కొత్తవి కొనమంటే, "ఇవి దావ తెలిసిన చెప్పులు" అనేవాడు.

పొద్దు పొడిచింది. పిల్లలు నోళ్ళు తెరుచుకుని చూశారు. పెద్దవాళ్ళు పిల్లల్ని చూస్తున్నట్టు నటిస్తూ తామూ చూశారు. మాబీ రెండు చేతులూ గడ్డం కింద పెట్టుకుని అటే చూసింది. పీర్ బాషా ఆ సూర్యుణ్ణి తనే తెప్పించినంత దర్జాగా నిలబడ్డాడు.

వాడరేవులో అతనికి తెలియని వినోదం లేదు, అందులోనూ ఊరికే దొరికేవి. అతను తీసుకొచ్చేవాళ్ళంతా బండల మిషన్ల దగ్గరివాళ్ళు, గనుల దగ్గరివాళ్ళు. డీజిలుకే తలా ఇంత వేసుకుని వస్తారు. ఒడ్డు చేరేసరికి జేబులు తేలిగ్గా ఉంటాయి. అలాంటివాళ్ళు చిన్నబుచ్చుకుని తిరిగిపోవడం అతనికి ఇష్టం లేదు. అందుకే ఇన్నేళ్ళలో ఒక కార్యక్రమం తయారుచేసుకున్నాడు. ముందు పొద్దు పొడుపు. తర్వాత అలివి వల. ఒడ్డునుంచే రెండు వైపులా తాళ్ళు పట్టి లాగే ఆ పెద్ద వలకు ఎంతమంది వచ్చినా పనే.

"మావోళ్ళు గూడా ఒక చెయ్యేస్తారప్పా" అన్నాడు వల పెద్దతో.

"రండి బాబూ, లాగండి" అన్నాడతను, ఏదో పిల్లలాట అనుకుని.

దేవేంద్రప్పా తమ్ముడూ తాడు పట్టారు. రోజూ బండలెత్తే చేతులవి. వెనక ఆడవాళ్ళు, వాళ్ళ వెనక పిల్లలు. వల రావలసినదానికన్నా ముందే ఒడ్డెక్కింది. వల పెద్ద బేతంచెర్ల వాళ్ళ భుజాలకేసి ఒకసారి చూసి, చిన్నచేపలు ఒక గిన్నెనిండా పోసి, మీద ఇంకో దోసెడు వేశాడు. మధ్యాహ్నం కూర కుదిరింది.

ఆ తర్వాత పీతల బొరియలు వెతకడం. తడి ఇసుకలో పాదం పెట్టి పిచ్చుక గూళ్ళు కట్టడం. అలలు వెనక్కి వెళ్ళిన మెత్తటి నేలమీద కబడ్డీ, పడినా దెబ్బ తగలదు కనక ఆడవాళ్ళూ ఆడారు. దేవేంద్రప్ప కొడుకు వసంతకుమార్ గుర్రమెక్కుతానని మారాం చేస్తే పీర్ బాషా వాడి చెవి దగ్గర వంగాడు.

"గుర్రం ఎక్కితే రెండు నిమిషాలే రా. దాని ఎనకాల పరిగిత్తితే మాపటిదాకా ఉరకొచ్చు."

వాడు నిజంగానే పరిగెత్తాడు. మిగతా ఐదుగురూ వాడి వెనక పరిగెత్తారు. గుర్రం కూడా ఆ రోజు సరదాపడినట్టే ఉంది.

ఈ కార్యక్రమమంతా పీర్ బాషా నడిపేది ఒడ్డునుంచే. అలలు అందని చోట ఒక దుప్పటి పరిచి, దాని అంచున అందరి చెప్పులూ జతలు జతలుగా వరసగా పెడతాడు. దుప్పటిమీద ఫోన్లు, వాచీలు, ఆడవాళ్ళ గొలుసులు ఒక టవల్లో మూట. ఆ పక్కన తను బాసింపట్టు వేసుకుని, చేతులు మోకాళ్ళమీద పెట్టి కూర్చుంటాడు. పదిహేడేళ్ళలో ఒక్క చెప్పు పోలేదు. ఆ సంగతి బేతంచెర్లలో అందరికీ తెలుసు. బాషన్న ఉన్నాడంటే నిశ్చింతగా నీళ్ళలో దిగొచ్చని చెప్పుకుంటారు.

మాబీ దేవేంద్రప్ప భార్య చేయి పట్టుకుని నీళ్ళలోకి వెళ్ళింది. పీర్ బాషా దూరంనుంచి చూస్తూ లోలోపల పొంగిపోయాడు. అరగంట తర్వాత ఆమె చీర మోకాళ్ళదాకా తడుపుకుని వచ్చి దుప్పటి పక్కన కూలబడింది. మొహం నవ్వుతూనే ఉంది, కళ్ళు మాత్రం అతన్ని తూకం వేస్తున్నాయి.

"ఎట్లుండాది?" అన్నాడు.

"వెచ్చగుండాయి."

"ఏమివి?"

"నీళ్ళు. నువ్వు కొత్తకడవలో నీళ్ళ మాదిరి చల్లగుంటాయంటివి గదా."

పీర్ బాషా ఒక చెప్పు తీసి ఇసుక దులిపాడు. అందులో ఇసుక లేదు.

ప్రతిసారీ ఇంటికి తిరిగొచ్చి అన్నం తింటూ అతను ఆమెకు సముద్రం గురించి చెప్పేవాడు. అల వెనక్కి పోతుంటే మడమల కింద ఇసుక జారిపోతుందని, ఎవరో కాళ్ళకింద చాప లాగినట్టు ఉంటుందని. పెదాలమీద ఉప్పు పేరుకుంటుందని. నీళ్ళు చల్లగా ఉంటాయని. మొదటి రెండూ నీళ్ళలోంచి వచ్చినవాళ్ళు చెప్పగా విన్నవి. మూడోది మాత్రం అతని సొంతం. నీళ్ళలోంచి వచ్చినవాళ్ళంతా పళ్ళు టకటకలాడిస్తూ టవలు అడుగుతారు, దాన్నిబట్టి నీళ్ళు చల్లగా ఉంటాయనుకున్నాడు. ఆ వణుకు తడి ఒంటికి తగిలే గాలిదని అతనికి ఎప్పుడూ తట్టలేదు. ఆ కొత్తకడవ నీళ్ళనే మాబీ, మిరపకాయల తొడిమెలు తీస్తూ చేతులు మండినప్పుడల్లా, పదిహేడేళ్ళు తలుచుకుంది.

"నువ్వు దిగనేలేదు" అంది. అది ప్రశ్న కాదు.

"ఎవురో ఒకరు ఈడ ఉండాల గదా."

"ఒక్కసారి గూడా? ఇన్నిసార్లు వస్తివే. ఊరోళ్ళ చెప్పులకు కావలి కాసేదానికా?"

పీర్ బాషా సముద్రంవైపు చూశాడు. చెప్పకపోతే వదలదని తెలుసు. చిన్నగా చెప్పాడు. వ్యాను ఎక్కిన మొదటి సంవత్సరం, ఇదే ఒడ్డుకు, కర్నూలునుంచి ఒక కుటుంబాన్ని తెచ్చాడు. తనూ నీళ్ళకేసి నాలుగడుగులు వేశాడు. అప్పుడే ఎవరిదో గొలుసు కనబడలేదని గోల. అందరి ఎదుటా అతని జేబులు బయటికి లాగారు, చొక్కా విప్పించారు. సాయంత్రానికి గొలుసు, పోయిందన్నావిడ టిఫిను డబ్బాలోనే దొరికింది. తప్పయిందని ఎవరూ అనలేదు. దారిపొడుగునా పాటలు పాడుకుంటూ వచ్చారు.

"అప్పుటినుంచి ఈడ్నే కూచుంటాండా. చేతులు అందరికీ కనపడేటట్ల. ఏమన్నా పోతే డ్రైవరు తీసినాడంటారు."

"నాకు చెప్పకపోతివి."

"ఏమని చెప్పేది? చొక్కా విప్పిచ్చినారని చెప్పాల్నా?"

మాబీకి ఏడుపొచ్చింది. ఏడ్చింది కూడా, కొంగుతో మొహం కప్పుకోకుండానే. తర్వాత ముక్కు తుడుచుకుని దుప్పటికి అవతలి అంచున, చెప్పుల వరసకు ఆ చివర, అతనిలాగే బాసింపట్టు వేసుకుని కూర్చుంది.

"నువ్వు యాల కూచుంటివి? పో, నీళ్ళకాడికి పో. మళ్ళా రాలేవు."

"నువ్వు వస్తే దిగుతా. లేకుంటే నేను గూడా ఈడ్నే ఉంటా. చెప్పులు ఇద్దురం చూస్తాము."

మంకుపట్టు అంటే మాబీదే. ఆమెకు ఉన్నది ఈ ఒక్క రోజు. నాలుగు గంటలకు బండి తీయాలి. ఆ రోజు కాస్తా చెప్పుల ముందు గడిచిపోతుంటే చూడటం పీర్ బాషావల్ల కావడం లేదు, లేచి వెళ్ళడమూ అతనివల్ల కావడం లేదు.

సరుగుడు తోపు నీడలో దేవేంద్రప్ప భార్య స్టవ్ ముట్టించి చేపలు వేయించింది. సజ్జరొట్టెలు, చెనిక్కాయల పొడి, చేపలు. అందరూ వేళ్ళు నాకారు. తిన్నాక పిల్లలు మళ్ళీ నీళ్ళకేసి ఉరికారు. మాబీ వచ్చి మళ్ళీ చెప్పుల దగ్గరే కూర్చుంది. చీర ఆరిపోయి, అంచున ఉప్పు తెల్లగా గీత కట్టింది.

నీళ్ళసీసాకోసం వచ్చిన దేవేంద్రప్ప ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు.

"ఏమక్కా, నీళ్ళల్లేకి పోలేదా?"

"మీ అన్న రాడంట. చెప్పులు పోతాయంట. పోతే డ్రైవరు తీసినాడంటారంట" అంది మాబీ, దాచకుండా.

దేవేంద్రప్ప సీసాను ఇసుకలో గుచ్చి నిలబెట్టాడు. అతనికి ఎక్కువ మాటలు రావు. రోజంతా మిషను రొదలో ఉండేవాడికి మాటలతో పనేముంది? వంగి, పీర్ బాషా కాళ్ళకున్న తోలు చెప్పులు తనే విప్పబోయాడు. పీర్ బాషా ఉలిక్కిపడి కాళ్ళు వెనక్కి లాక్కున్నాడు.

"ఏమప్పా ఇది?"

"లేయన్నా. నేను చూస్తాండా ఈడ. పోతే పోనీ, ఒట్టికాళ్ళతో పోతాము. బండల్లో పనిచేసేటోళ్ళం, మా కాళ్ళకేమైతాది? నిన్నెవురన్నా అడిగితే నన్నడగమను."

పదిహేడేళ్ళుగా ఎవరో ఒకరు ఆ మాట అంటే బాగుండునని పీర్ బాషా ఎదురుచూస్తున్నాడని అతనికే తెలియదు. చెప్పులు విప్పి, వరస చివర, నీళ్ళవైపు, జతగా పెట్టాడు. పంట్లాం మోకాళ్ళదాకా మడిచాడు. పాదాలమీద చెప్పుల పట్టీల మేర చర్మం తెల్లగా, చంటిపిల్లవాడిదిలా ఉంది.

నీళ్ళ అంచున ఆగిపోయాడు. "భయమైతాది మాబీ" అన్నాడు.

"నాకూ అయింది పొద్దున" అని ఆమె చేయి పట్టుకుంది.

అల వచ్చింది. చీలమండలు దాటి, పిక్కలు దాటి, మడిచిన పంట్లాం తడిపి, వెనక్కి తిరిగింది. మడమల కింద ఇసుక జారింది. ఎవరో చాప లాగినట్టే ఉంది. ఇన్నేళ్ళుగా చెబుతున్న మాట నిజమే అయినందుకు అతనికి నవ్వొచ్చింది, పెదాలు నాకి చూస్తే ఉప్పగా ఉంది.

"వెచ్చగుండాయి" అన్నాడు.

"చెప్తి గదా" అంది మాబీ.

అంతే. మోకాళ్ళలోతులో ఇద్దరూ చేతులు పట్టుకుని, ఒక్కో అలకూ కొంచెం ఎగురుతూ, పిల్లలు వెక్కిరిస్తున్నా పట్టించుకోకుండా నిలబడ్డారు. నాలుగు దాటింది, అయిదు కూడా అయింది. ఎప్పుడూ అందర్నీ గదిమి బండి ఎక్కించే మనిషి ఆ రోజు టైము అడగలేదు.

ఒడ్డున దేవేంద్రప్ప మొదట్లో కళ్ళప్పగించి కూర్చున్నాడు. తర్వాత ఒరిగాడు. మిషను రొద లేనిచోట అతనికి నిద్ర ఆగదు. టవలు మొహంమీద వేసుకుని గురక తీశాడు. అల ఒకటి హద్దు మరిచి దుప్పటిదాకా వచ్చేసింది. పిల్లలు కేకలు పెడుతూ పరిగెత్తుకొచ్చి ఫోన్లూ గొలుసుల మూటా ఎత్తి, దొరికిన చెప్పు దొరికినట్టు ఏరారు. అన్నీ దొరికాయి, ఒక్కటి తప్ప. నీళ్ళవైపు చివర పెట్టిన తోలు జతలో కుడిచెప్పు లేదు.

దేవేంద్రప్ప మొహం చిన్నబోయింది. "అన్నా, పోయి పోయి నీదే పాయ గదా."

పీర్ బాషా సముద్రంకేసి చూశాడు. ఎక్కడా ఏమీ తేలడం లేదు. అతని నవ్వు కడుపులోంచి మొదలై భుజాలదాకా పాకింది. వంగి మోకాళ్ళు పట్టుకుని నవ్వాడు. మాబీ అంతకన్నా ఎక్కువ నవ్వింది.

"పదిహేడేండ్లలో ఇది మొదుటిదిలే దేవేంద్రప్పా. డ్రైవర్నడగు, వాడే తీసింటాడు" అన్నాడు.

వెనకాల ఉన్న పంపు దగ్గర అందరూ మంచినీళ్ళతో కాళ్ళు కడుక్కున్నారు. పీర్ బాషా కడుక్కోలేదు. ఉప్పంటిన ఒట్టికాళ్ళతోనే సీటెక్కి క్లచ్చు తొక్కాడు. ఇన్నేళ్ళు తొక్కిన ఆ ఇనుపముక్క పాదానికి కొత్తగా తగిలింది. పక్కన మాబీ కిటికీలోంచి తల బయటపెట్టి, తోపు అడ్డం వచ్చేదాకా వెనక్కే చూసింది. మర్నాడు మధ్యాహ్నానికి వ్యాను తుక్కు కొట్టు చేరింది. ఆ పై సోమవారం పీర్ బాషా టైర్ల కొట్లో స్టూలుమీద కూర్చున్నాడు, కాళ్ళకు కొత్త రబ్బరు చెప్పులతో.

వాడరేవు ఒడ్డున దుప్పటి పరిచిన చోట ఎడమకాలి తోలుచెప్పు ఒకటి, బొటనవేలి గుంటలో కాసిన్ని సముద్రపు నీళ్ళు నింపుకుని, ఇసుకలో సగం మునిగి ఉంది.