తప్పు పట్టినవారి పేరు

పొద్దున్నే అన్నం వార్చి, అత్తగారు కృపమ్మకి బీపీ మాత్ర ఇచ్చాక, రైల్వే వాళ్ల పేట ఝపటాపూర్‌లోని ఆ రెండు గదుల ఇంట్లో షైని వంటగట్టు మీదే లాప్‌టాప్ తెరుస్తుంది. నల్ల తెర, తెల్ల అక్షరాలు, మౌస్‌తో పనిలేదు. దేశదేశాల వాళ్లు కలిసి తయారుచేస్తున్న ఒక సాఫ్ట్‌వేర్‌లో ఎక్కడ తప్పు జరుగుతోందో పట్టి, ఏం జరిగింది, ఏం జరగాలి, రుజువేమిటి అని టైపు చేసి రిపోర్టు పంపుతుంది. పంపే ముందు అదే తప్పు ఇంకెవరైనా చెప్పారేమో వెతకాలి. అది ఆ పనికి మర్యాద. షైని ఏనాడూ వెతక్కుండా పంపలేదు.

“ఆ నల్ల పలక ముందర కూకుంటే కడుపు నిండిపోద్దేటే?” అని కృపమ్మ రోజూ అడుగుతుంది.

లాప్‌టాప్‌లో అన్నీ అమర్చింది భర్త జెఫ్రీ. రైల్వే వర్క్‌షాపు ఆఫీసులో గుమాస్తా. రిపోర్టు పంపినవారి పేరు దగ్గర తన పేరే పెట్టేసుకున్నాడు. “గ్యాసు నా పేరే, రేషన్ కార్డూ నా పేరే. ఇదొక్కటీ నీ పేరుకెందుకే?” అన్నాడు. నిజమే కాబోలు అనుకుంది షైని. ఎంత పిచ్చిదో చూడండి, మూడేళ్లు అలాగే అనుకుంది!

నిన్న ఆ సాఫ్ట్‌వేర్ బృందం నుంచి మెయిల్ వచ్చింది. ఉద్యోగం ఇస్తారట, ఇంటి నుంచే చెయ్యొచ్చట, సోమవారం వీడియోలో మాట్లాడాలట. పిలుపు జెఫ్రీకి. అతను ఎగిరి గంతేశాడు.

“నువ్వు కెమెరాకి కనబడకుండా పక్కన కూకో. ఆళ్లు అడిగినదానికి కాయితం మీద రాసి సూపించు, నేను సదివేస్తాను. ఠీక్ హై?”

షైని తల ఊపింది. ఊపినందుకు తనమీద తనకే అసహ్యం వేసింది.

ఇవాళ అతను సైకిలెక్కి వెళ్లాక, షైని రిపోర్టుల్లో తన పేరు కొట్టి వెతికింది. ఏమీ రాలేదు. అతని పేరు కొట్టింది. రెండువందల పన్నెండు! ఒక్కోటీ చదువుతూ పోయింది. నలభయ్యోది తనకి గర్భం పోయిన వారంలో పంపింది. ఆసుపత్రి నుంచి వచ్చిన మూడోరోజు, ఇంట్లో ఏడవడానికి చోటులేక ఈ తెరలోకే తల దూర్చి రాసింది. దాని కింద కూడా జెఫ్రీ పేరే. షైని బావురుమంది.

కృపమ్మ గుమ్మంలోకి వచ్చింది. “ఏటయిందే?”

“ఏటీ లేదత్తా. ఒక తప్పు దొరికినాది.”

కళ్లు తుడుచుకుని, సెట్టింగుల్లో అతని పేరు చెరిపేసి తన పేరు, తన మెయిల్ పెట్టింది. కొత్త రిపోర్టు మొదలెట్టింది. ఏం జరిగింది: రెండువందల పన్నెండు రిపోర్టులు నా భర్త పేరున చేరాయి. ఏం జరగాలి: రాసింది నేను, నా పేరున చేరాలి. రుజువు: సోమవారం మీ ప్రశ్నలు నన్ను అడగండి.

పంపే ముందు, మర్యాద తప్పకుండా, ఇలాంటి తప్పు ఇదివరకు ఎవరైనా చెప్పారేమోనని వెతికింది.

ఒక్కరూ చెప్పలేదు.

షైని ఎంటర్ నొక్కింది.