దొంగ ఫాల్టు

హాతీరాం పళ్లతో తీగ మీది తొక్క ఒలిచి, పక్కకు ఉమ్మి, "మళ్ల కొట్టు" అన్నాడు.

వీరబాబు సెల్ఫ్ కొట్టాడు. జీపు గుర్రుమని లేచింది. ఆపి మళ్లీ కొట్టాడు. మళ్లీ లేచింది. పొద్దున్నుంచీ ఇదే వరస. అడవి ఊళ్ల నుంచి ఏన్కూరుకు జనాన్ని మోసుకొచ్చే ఆ ముసలి జీపు, దారిలో ఎక్కడ బుద్ధి పుడితే అక్కడ చచ్చినట్టు పడుకుంటుంది. హాతీరాం రేకుల షెడ్డు ముందుకు వచ్చిందంటే చాలు, కొత్త కోడలిలా ఎక్కడలేని అణకువ చూపిస్తుంది.

"చూసినవా అన్నా! నీ మొఖం చూడంగనే మంచిగైతది. నేనే అబద్ధాలు చెప్తున్ననుకుంటరు అందరు" అన్నాడు వీరబాబు. బ్యాటరీ మార్చాడు, సెల్ఫ్ మోటారు విప్పించాడు, పాపం, ఆ జీపు కోసం చెయ్యని పని లేదు.

"దొంగ ఫాల్టు గట్లనే ఉంటది. కనబడ్డప్పుడే పట్టాలె. కనబడనప్పుడు ఎంత ఎతికినా చేతులు నొచ్చుడే."

ఈ మాట హాతీరాం అనని రోజు లేదు. ఎప్పుడు వస్తుందో ఎప్పుడు పోతుందో తెలియని కరెంటు జబ్బుకు అతని ఉస్తాదు పెట్టిన పేరు అది. తండా నుంచి లారీ క్లీనరుగా బయల్దేరి, కొత్తగూడెంలో ఆ ఉస్తాదు దగ్గర వైరింగు నేర్చుకుని, ఈ రోడ్డు పక్కన షెడ్డు వేసుకున్నాడు హాతీరాం. అంతే అతని కథ. సన్నటి ఒళ్లు, మసిపట్టిన గోళ్లు. తీగలు ఒలిచీ ఒలిచీ ముందుపళ్లలో ఒక గాడి పడింది. నవ్వితే ముందు అదే కనబడుతుంది. ఊళ్లో ఎవర్నడిగినా "లైట్లు జేసే హాతీరామా? మంచోడే" అంటారు. ఆ తర్వాత చెప్పడానికి ఇంకేమీ తోచదు. అట్లా మంచివాడనిపించుకుంటూ బతకడం ఎంత కష్టమో ఎవరికి పట్టింది!

ఆ ఏడు ఎండాకాలం నుంచి అతని ఒంట్లోనూ ఒక దొంగ ఫాల్టు దూరింది. ఎడమ రొమ్ములో పట్టుకుంటుంది, దవడ దాకా లాగుతుంది, బీడీ కాలేలోపు వదిలేస్తుంది. భార్య జమ్లి పోరు పడలేక ఒకసారి ఖమ్మం దవాఖానాకు పోయాడు. బస్సు దిగేసరికి నొప్పి మాయం. ఈసీజీ తీసిన డాక్టరు, "ఇప్పుడైతే ఏమీ కనబడటం లేదు. అయినా అశ్రద్ధ చెయ్యొద్దు, వచ్చే వారం రా, నడిపించి పరీక్ష చేద్దాం" అన్నాడు. మంచి మాటే చెప్పాడు డాక్టరు. హాతీరాం చెవికి మాత్రం మొదటి ముక్కే ఎక్కింది. కనబడటం లేదట! మరి కనబడనప్పుడు పోవడం దండగ. నొప్పి ఉన్నప్పుడే పోవాలి, డాక్టరు దాన్ని అక్కడికక్కడ పట్టుకోవాలి. బండ్ల విషయంలో జీవితమంతా నిజమైన మాటను తెచ్చి ఒంటికి తగిలించుకున్నాడు, మొండి మనిషి. బండయితే రోడ్డు పక్కన ఆగి ఊరుకుంటుంది. ఆ తేడా అతనికి తట్టలేదు, చెప్పబోతే విననూలేదు.

పొద్దెక్కాక జమ్లి చేతిసంచితో వచ్చి షెడ్డు ముందు నిలబడింది. ఇంట్లో మాట్లాడుకునేది లంబాడీయే గానీ, మొగుణ్ణి తిట్టాలంటే ఆమె తెలుగులోనే తిడుతుంది, నలుగురికీ అర్థం కావాలని. పేరు పెట్టి పిలవదు, కూతురు పేరు మీద పిలుస్తుంది.

"సోని నాయినా, నువ్వు రాత్రంత గోడకు ఒరిగి కూసున్నవ్. ఇయ్యాల నొప్పి ఉన్నా లేకున్నా పోవుడే."

"ఇప్పుడు లేదే. పోయినా ఏం కనబడది."

"డాక్టరుకు కనబడకుంటే లేనట్టేనా? నేను చూసిన. నేను చూస్తే సాలదా?"

జీపు బాగైతే ఖమ్మంలో దించి వస్తానని వీరబాబు ముందే మాటిచ్చాడు. అందుకని హాతీరాం, "బండి కానియ్. మధ్యల ఆగితే ఎవరు తోస్తరు, నువ్వా?" అని మళ్లీ బానెట్‌లోకి వంగాడు. జమ్లి నొసలు కొట్టుకుని చింతచెట్టు నీడలో కూర్చుంది.

ఎండ నడినెత్తికొచ్చింది. వీరబాబు విసుగ్గా సెల్ఫ్ కొట్టాడు. టక్. అంతే, ఉలుకూ లేదు పలుకూ లేదు.

"అగ్గో, దొరికిండు దొంగ! కదలకు, గట్లనే ఉండు" అంటూ హాతీరాం బ్యాటరీ దగ్గర్నుంచి తీగను తడుముకుంటూ పోయాడు. ఎర్త్ తీగను చాసిస్‌కు బిగించిన బోల్టు మీద వేలు పెట్టి చటుక్కున తీశాడు. చురుక్కుమంది. ఆ బోల్టుకు పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి ఉంది. పైకి మహాలక్ష్మిలా ఉంది గానీ, విప్పి చూస్తే లోపలంతా పచ్చటి చిలుము.

"ఈడ నీళ్లెట్ల వచ్చినయ్‌రా?"

వీరబాబు తల గోక్కున్నాడు. "శుక్రారం శుక్రారం కొబ్బరికాయ కొడత గదన్నా. ఇంజన్‌కు గూడ పుణ్యం రావాలె గదాని బానెట్ ఎత్తి ఆ నీళ్లు ఇంత పోస్త."

"ఓరి నీ భక్తి పాడుగాను! దేవునికి పోసి పోసి బండిని సంపినవ్ గదరా!"

హాతీరాం కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వాడు. చెట్టు కింద జమ్లి కూడా నవ్వింది. బోల్టునూ, తీగ కొసనూ ఉప్పుకాగితంతో తళతళలాడేదాకా రుద్ది, బిగించాడు. వీరబాబు తాళం అట్లా తాకాడో లేదో, జీపు లేచి కూర్చుంది.

అప్పుడే వచ్చింది నొప్పి. హాతీరాం మడ్‌గార్డు పట్టుకుని నిలబడిపోయాడు. మొహమంతా చెమట. కానీ ఆ మొహంలో, ఏం చెప్పాలి, ఒక సంతోషం.

"వచ్చింది జమ్లీ. పోదాం పట్టు, ఇప్పుడైతే కనబడతది!"

జమ్లి సంచిలోంచి ఉతికిన చొక్కా తీసి తొడగబోయింది. "తొడుక్కునేసరికి పోతది, నడు" అని మసి బనీనుతోనే జీపెక్కాడు. ఆమె చొక్కాను షెడ్డు గుంజకున్న మేకుకు తగిలించి ఉరికింది. నూట ఎనిమిది బండ్లు ఇంకా రాని రోజులు. ఆ దారికి వీరబాబు జీపే దిక్కు.

"జల్దీ పోనియ్ వీరబాబూ. మళ్ల పోతదేమో" అన్నాడు హాతీరాం, పళ్లు బిగబట్టి. వీరబాబు గుంతలనీ గతుకులనీ చూడలేదు. జీపు ఎక్కడా ఆగలేదు. ఒక్క దగ్గర కూడా తుమ్మలేదు. జమ్లి అతని చెయ్యి రెండు చేతులతో పట్టుకుని, ఆ నొప్పి ఉండాలని మొక్కాలో పోవాలని మొక్కాలో తెలియక ఊరికే దేవుళ్ల పేర్లు తలుచుకుంది.

తల్లాడ ఇంకా రాకముందే అతను ఆమె భుజం మీద తల వాల్చాడు.

"పోయిందే... మళ్ల పోయింది" అన్నాడు, తప్పు చేసినవాడిలా.

ఆ చెయ్యి బరువెక్కడం జమ్లికి తెలిసింది. ముందు సీట్లో వీరబాబుకు తెలియలేదు. "పోయిందా అన్నా? మంచిగైంది!" అన్నాడు సంబరంగా. వెనక నుంచి జమ్లి కేక విని బండి ఆపి, ఇంజను కట్టేసి, స్టీరింగు మీద తల పెట్టుకుని ఏడ్చాడు. తల్లాడలో డాక్టరు చెయ్యి పట్టి చూసి వదిలేశాక, తండాకు తీసుకుపోవడానికి మళ్లీ తాళం తిప్పితే, జీపు ఒక్క సెల్ఫ్‌కే లేచింది.

షెడ్డు తెరిచినట్టే ఉంది. మేకుకు ఆ చొక్కా వేలాడుతోంది. రాగిచెంబులో నిప్పులు పోసి జమ్లి చేసిన ఇస్త్రీ మడతలు ఇంకా నలగలేదు.