నాలుగక్షరాల గది

ఈ ఉదయం నా క్లాసురూములోంచి, ఇంగ్లిషు పేరులో ఓ, యు, జి, హెచ్ అనే నాలుగక్షరాలు వరసగా లేని వస్తువులన్నీ వెళ్లిపోయాయి. డోర్‌లో ఆ అక్షరాలు లేవు. కాబట్టి తలుపు లేదు.

మిగిలినవేమిటో చూసుకుంటాను. మూలన నాగలి ఉంది, ప్లౌ కనుక. బోర్డు ఉండాల్సిన చోట పూరీలకు కలిపినంత పిండిముద్ద గోడకు అంటుకుని ఉంది, డో కనుక. గోడలు గట్టివి, టఫ్ కనుక ఉన్నాయి. పశువుల తొట్టి ఉంది, ట్రాఫ్. నా చొక్కా, చేతివాచీ బజారులో కొన్నవి. కొన్నవి అంటే బాట్. బాట్ కాబట్టి బట్ట దక్కింది. విద్యార్థులు దగ్గుతున్నారు కాబట్టి ఉన్నారు. దగ్గు అంటే కాఫ్. ఆపితే ఏమవుతుందో తెలిసినట్టే ఉంది, ఎవరూ ఆపడం లేదు. నేను ఆలోచిస్తున్నాను కాబట్టి ఉన్నాను. ఆలోచన అంటే థాట్. నంద్యాలలో బ్యాంకు పరీక్షలకు ఇంగ్లిషు చెప్పేవాడు బతికి ఉండడానికి ఇంతకంటే గౌరవమైన కారణం దొరకదు.

జేబులో మా అమ్మాయి తన్మయి హాల్‌టికెట్ ఉంది. పొద్దున జిరాక్స్ తీయించి, జిరాక్స్ పిల్ల చేతిలో పెట్టి, పొరపాటున అసలుది నేను వెంట తెచ్చేశాను. తేవడం అంటే బ్రాట్. కనుక అదీ భద్రం. పరీక్ష ఇవాళే. నిమిషం ఆలస్యమైతే గేటు మూసేస్తారు. కాళ్లమీద పడ్డా తీయరు.

"నాయనా!" గోడ అవతల తన్మయి అరుస్తుంది. "యాడుండావు? ఆటో ఆయన తిడతాండాడు!"

"లోపలే ఉండానమ్మా. తలుపు లేదు."

"అయితే కిటికీలోంచి ఇయ్యి!"

"కిటికీలో కూడా ఆ అక్షరాలు లేవు తల్లీ."

ఆమె బయట ఎందుకుందో నాకు తెలుసు. డాటర్‌లో యు, జి, హెచ్ ఉన్నాయి. ముందర ఓ ఉండాల్సిన చోట ఏ ఉంది. మా మధ్య గోడ ఒక్క అక్షరం మందం.

క్లాసువైపు తిరుగుతాను. "నాయనలారా, నా బిడ్డ పరీక్ష పోతాంది. నేను బయట పడాల. అర్థమైందా?"

"అర్థమైంది సార్!" అంటారు అందరూ ఒకే గొంతుతో, దగ్గుకీ దగ్గుకీ మధ్య.

గోడ జానెడు ముందుకు జరుగుతుంది.

ఇక్కడి పద్ధతి అది. చివర "అర్థమైందా" అనకపోతే నాకు వాక్యం పూర్తి కాదు. "అర్థమైంది" అనకపోతే వాళ్లకు మర్యాద కాదు. ఈ కోచింగ్ సెంటర్‌లో "అర్థం కాలేదు" అన్న మనిషిని నేను చూడలేదు. వాళ్లు అర్థమైందన్న ప్రతిసారీ గోడ జరుగుతోంది.

"మీరు ఆ మాట అనొద్దు. అంటే గోడ జరుగుతాది. అర్థమైందా?"

"అర్థమైంది సార్!"

నాగలి కొన నా మోకాలికి తగులుతుంది.

ముందు వరసలో సుంకన్న ఉన్నాడు. ఇద్దరు పిల్లల తండ్రి. ఇంకా పరీక్షలు రాస్తున్నాడు. అతని మీసం నాకంటే సీనియర్.

"సుంకన్నా, కాఫ్‌లో, డోలో అవే నాలుగక్షరాలు. పలికేది మాత్రం వేరే. ఎందుకో అర్థమైందా?"

"అయింది సార్."

"ఏమర్థమైంది?"

"మీరు చెప్పింది సార్."

"నేనేం చెప్పినా?"

"అర్థమయ్యేటట్టు చెప్పినారు సార్."

గోడ జరుగుతుంది. నేను తొట్టిలోకి ఎక్కి నిలబడతాను.

"కాలేదని ఒక్కసారి అను నాయనా. నీకు పుణ్యముంటాది."

సుంకన్న గొంతు తగ్గిస్తాడు. "ఎట్లంటాం సార్, ఇంతమందిలో? ఆడపిల్లలు ఉండారు."

"నాయనా, ఏందా ముచ్చట్లు?" అవతల తన్మయి గోడను గుద్దుతుంది. "కాఫ్ ఏంది, డో ఏంది? అవే అక్షరాలను ఒకతూరి ఒక రకంగా, ఇంకోతూరి ఇంకో రకంగా ఎట్లా పలుకుతారు? నాకేమీ అర్థం కాల్యా!"

గదిలో దగ్గు ఆగుతుంది. ఒక్క క్షణం గదిలో ఎవరూ ఉండరు. తర్వాత ఎవరికో గొంతు గరగరలాడుతుంది, అందరూ తిరిగి వస్తారు.

తన్మయి అన్న ఆ మాటకు, పిండిముద్ద పక్కన గోడకు చెయ్యి పట్టేంత కన్నం పడి ఉంది. ఇటునుంచి అటు, అంటే త్రూ. అవతల ఎండ. హాల్‌టికెట్ పట్టుకుని మోచేతిదాకా దూరుస్తాను. తన్మయి వేళ్లు నా వేళ్లకు తగులుతాయి.

కాగితం వదిలేస్తే చాలు. చాలు అంటే ఇనఫ్. కానీ పిల్ల సందేహం అడిగింది. సందేహం అడిగితే నా నోరు నా మాట వినదు.

"చూడమ్మా, అవన్నీ ఒకే ఇంటిపేరు వాళ్లు. ఒకప్పుడు అందరూ ఆ ఇంటిపేరును గొంతు గీరుకుని పలికేవాళ్లు. తర్వాత వేరు కాపురాలు పెట్టినారు. కాఫ్ గాడు పళ్ల సందుల్లోంచి గాలి వదలడం మొదలుపెట్టినాడు. డో గాడు నోరు గుండ్రంగా పెట్టి ఊరుకున్నాడు. త్రూ గాడు మూతి ముడుచుకున్నాడు. పలకడం మారింది గానీ, రాసేటప్పుడు ఇంటిపేరు ఒక్కడూ మార్చుకోల్యా. గందరగోళమంతా అదే. అర్థమైందా?"

"ఓహో, అదా!" అంటాడు సుంకన్న. ఈసారి నిజంగానే అర్థమవుతుంది. వెనక బెంచీలు ఉండాల్సిన చోట కూడా మొహాలు వెలుగుతాయి.

"అర్థమైంది నాయనా!" అంటుంది తన్మయి.

కన్నం మూసుకుంటుంది. నొప్పి లేదు. నా మోచేతి దగ్గర గోడ నున్నగా ఉంది. చెయ్యి అవతల ఉండిపోయింది.

అక్కడ జరిగేది వేళ్లకు తెలుస్తోంది. తన్మయి కాగితం లాగుతుంది, వేళ్లు వదలవు. ఇక చెయ్యినే చంకలో పెట్టుకుని ఆటో ఎక్కుతుంది. గాలి, దుమ్ము, స్పీడ్ బ్రేకరు. ఆ తర్వాత చల్లటి ఇనుము. గేటు రెక్కలు దగ్గరవుతున్నాయి. తన్మయి నా చెయ్యిని మధ్యలో అడ్డం పెడుతుంది. గేటు ఆగుతుంది. నలిగిన వేళ్లు కాగితాన్ని వదులుతాయి. ఎవరో చెయ్యిని తడిమి చూసి, వాచీ లోపలికి పనికిరాదని విప్పి తీసుకుంటారు.

లోపలికి వెళ్లాం.

ఇక్కడ గోడలు నా భుజాలను పట్టుకుని ఉన్నాయి. సుంకన్న నా చెవి పక్కనే దగ్గుతున్నాడు. అక్కడ తన్మయి నన్ను బల్లమీద పెట్టి రాసుకుంటోంది. ఆమె పెన్ను కదలిక చెక్కలోంచి అరచేతికి తెలుస్తోంది. ఆగకుండా రాస్తోంది.

కాసేపటికి ఆ చెయ్యి తనంతట తాను మోచేతిమీద నిలబడుతుంది. వేళ్లు నిటారుగా, పైకి, క్లాసులో సందేహం అడిగేవాళ్ల చెయ్యిలా. ఎవరో నడిచివచ్చి వంగుతారు. ఏం కావాలని అడుగుతున్నట్టు, వాళ్ల ఊపిరి వెచ్చగా నా అరచేతికి తగులుతోంది.