తొమ్మిది కిలోల చిట్టి

లాయరమ్మ కుక్క పేరు చిట్టి. పేరు విని మోసపోకూడదు. దాని వీపు మీద నలుగురు కూర్చుని పేకాడుకోవచ్చు.

దాని కడుపులో ఏలికపాములు కనబడడం ఏడాదిలో ఇది మూడోసారి. మూడుసార్లూ తప్పు పశువుల ఆసుపత్రి కాంపౌండరమ్మదేనని లాయరమ్మ తేల్చేసింది. వాదన, సాక్ష్యం, తీర్పు అన్నీ ఆవిడే చూసుకునేది, ఎవరికీ శ్రమ లేకుండా. ఇచ్చినవి మాత్రలు కావు, సుద్దముక్కలట. డాక్టరుకు లోకంలోని జంతువులన్నిటి వెన్నెముకల గురించీ తెలుసు, తనది తప్ప. కాంపౌండరమ్మని పక్కకు పిలిచి మెల్లగా చెప్పాడు.

"ఈవిడ ఇంకోసారి ఇదే ఫిర్యాదుతో వస్తే, నువ్వు వేరే పని చూసుకోవాలమ్మా."

పన్నెండేళ్ళ కొలువు. కాంపౌండరమ్మ రిజిస్టరు తీసి చూసింది. చిట్టి బరువు తొమ్మిది, తొమ్మిది, మళ్ళీ తొమ్మిది. పది కిలోల లోపుకి ఒక్క మాత్ర. ఏడాది తిరిగింది, కుక్క గుండ్రమైంది, అంకె మాత్రం కదల్లేదు. కదలడానికి అది కాటా చెప్పిన అంకె కాదు, లాయరమ్మ నోటిమాట.

చిట్టి కాటా మీద నిలవదు. పరాయివాళ్ళు ఎత్తుకుంటే కరుస్తుంది. కాంపౌండరమ్మ బొటనవేలి మీద రెండు గాట్లు అందుకు సాక్ష్యం. ఇక ఒకటే దారి. లాయరమ్మే దాన్ని ఎత్తుకుని ఒకసారి, తను ఒక్కతే ఒకసారి కాటా ఎక్కాలి. ఆ 'ఒక్కతే' దగ్గరే ప్రతిసారీ కేసు వాయిదా పడేది. ఓసారి మోకాలి నొప్పి, ఓసారి కోర్టుకు ఆలస్యం, ఓసారి "దానికి తూకమంటే భయం, పాపం."

భయం ఎవరిదో కాంపౌండరమ్మకు ఎప్పుడో తెలుసు. పెద్దవాళ్ళ బరువు గురించి నోరు జారితే తన బతుకు తేలికైపోతుందని ఊరుకుంది. ఇప్పుడు ఊరుకున్నా కొలువు పోయేలా ఉంది. అంకెలు కనబడేచోట టవలు కప్పి, ముందు ఒక్కరే ఎక్కమంది.

"నువ్వు చూస్తావేమో?"

"నేను గోడ వైపు తిరుగుతానమ్మా. కాటా కూడా మిమ్మల్ని మరిచిపోతుంది. తర్వాత చిట్టినొక్కదాన్నే చూస్తుంది."

లాయరమ్మ అనుమానంగానే ఎక్కింది. కాంపౌండరమ్మ గోడవైపు తిరిగి, టవలు కింద చెయ్యిపెట్టి, ఉన్న బరువుని సున్నాగా లెక్కించే మీట నొక్కి, టవలు లాగేసింది. అక్కడ సున్నా.

లాయరమ్మ వంగి చూసింది. ఏ అద్దమూ ఆవిడకి ఇంత మర్యాద చేసి ఉండదు. ఆ సంతోషంలోనే, కాటా దిగకుండా చిట్టిని ఎత్తుకుంది.

పద్దెనిమిది.

అంటే ఏడాదిగా సగం మందు. దానికి సగం పురుగులు చస్తే, మిగతా సగం హాయిగా సంసారాలు పెంచుకున్నాయి. కాంపౌండరమ్మ ఆ మాట పైకి అనకుండా, రెండు మాత్రలు పొట్లం కట్టింది.

మూడు వారాల తర్వాత లాయరమ్మ వచ్చింది. డాక్టరు గుమ్మంలోనే ఎదురెళ్ళి, చిట్టి మలపరీక్షలో ఒక్క పురుగు గుడ్డు కూడా కనబడలేదని చెప్పాడు. ఆవిడ తలైనా తిప్పలేదు. కుక్క గొలుసు ఆయన చేతిలో పెట్టి, నేరుగా కాటా దగ్గరికి నడిచింది.

"చిట్టి సంగతి తర్వాత. నువ్వు ముందు ఆ టవలు కప్పు."