రుక్సానాకు పడిన మొదటి తిట్లు

ఆదోని బట్టల బజారులో చెన్నకేశవులు దుకాణమంటే తెలియనివాళ్లు లేరు. లుంగీలు, దుప్పట్లు, తువ్వాళ్లు టోకున కొనేందుకు కౌతాళం, హొళగుంద నుంచి వచ్చిన వ్యాపారులు తెలుగూ కన్నడమూ కలిపి బేరాలాడుతుంటే పొద్దున్నుంచే కాలు పెట్టడానికి చోటుండదు. అలాంటి దుకాణంలో పనికి చేరిన నెల తిరక్కుండానే రుక్సానా మానేద్దామనుకుంది. పని ఎక్కువై కాదు, పనే లేక.

రుక్సానాకు పుట్టుకతోనే మెదడు పక్షవాతం. కుడిచెయ్యి ఆమె మాట వినదు. నడిస్తే ఒళ్లు ఒక పక్కకు ఊగుతుంది. ఒక్కో మాటా గొంతులోంచి మెల్లగా తోసుకుంటూ వస్తుంది. అది పూర్తిగా బయటపడేలోపే ఎదుటివాళ్లు ఆత్రపడి తామే ముగించేస్తారు. "నాకు టీ..." అనగానే "వద్దా? సరే" అని వెళ్లిపోయినవాళ్లు కూడా ఉన్నారు. డిగ్రీ పాసై, ఎక్కడా పని దొరక్క చాలాకాలం ఇంట్లోనే ఉండిపోయింది.

చివరికి మల్లేశ్వరి పుణ్యమా అని ఈ పని దొరికింది. వికలాంగులకు పని చూపించే ఒక చిన్న సంస్థలో మల్లేశ్వరి ఉద్యోగి. పని ఇప్పించి చేతులు దులుపుకోవడం కాదు ఆమె బాధ్యత. చేరాక కూడా కొన్నాళ్లు వెంట ఉండి, పనివాళ్లకూ యజమానికీ ఒకరి పద్ధతి ఒకరికి అలవాటయ్యేదాకా చూడాలి. ఆమె అడగ్గానే చెన్నకేశవులు మారు మాట్లాడకుండా ఒప్పుకున్నాడు. ఆయన మంచితనమే చిక్కు తెచ్చిపెట్టింది.

గల్లాపెట్టె పక్కన మెత్తటి కుర్చీ వేయించాడు. ఫ్యాను అటు తిప్పించాడు. "నువ్వు ఊరికే కూసోమ్మా, కష్టపడాకు" అన్నాడు. ఆమె ఒక మూట ముట్టబోతే అమ్మకాలు చూసే మోయిన్ పరుగెత్తుకొచ్చి లాక్కునేవాడు. వచ్చిన వ్యాపారులతో చెన్నకేశవులు, "ఇట్లాంటి పిల్లకి మనం గాకపోతే ఎవరు దారి సూపిస్తారప్పా?" అని ఆమె ఎదుటే అనేవాడు. వాళ్లు జాలిగా తల ఊపేవారు. ఒకరోజు ఒక పెద్దమనిషి ఆమె చేతిలో చిల్లర కూడా పెట్టబోయాడు.

ఆ సాయంత్రం రుక్సానా అన్నం ముట్టలేదు.

"ఏమైంది బేటీ? ఎవరన్నా ఏమన్నా అన్న్యారా?" అని తల్లి మదార్‌బీ పక్కన కూర్చుంది.

"అదే అమ్మీ... నన్నెవరూ... ఏమీ అనరు."

మరునాడు మల్లేశ్వరి వచ్చినప్పుడు రుక్సానా ఆమెను దుకాణం బయటే ఆపి విషయం చెప్పింది. "మానేస్తా అక్కా... బొమ్మ లెక్క... కూసోబెట్టినాడు."

మల్లేశ్వరి చేతిసంచీ అరుగు మీద పెట్టింది. "మానొచ్చులే. అంతకుముందు ఒక మాట సెప్పు. ఈడ నీకు చేయాలనిపించే పని ఏదన్నా ఉండాదా?"

ఉంది. ఖాళీగా కూర్చున్న రుక్సానా దుకాణమంతా చూస్తూనే ఉంది. కొత్త సరుకు వస్తే దానికి రేటు చీటీలు కంప్యూటర్లో కొట్టి అంటించాలి. మోయిన్‌కు బేరాల మధ్య తీరిక దొరకదు. మూటలు విప్పకుండా పడి ఉంటాయి.

"రేటు చీటీలు... నేను కొడతా."

"సరే, అన్నకు నేను సెప్తా పా."

"వద్దు. నేనే... సెప్తా. నువ్వు పక్కన ఉండు. మాట... అందుకోవద్దు."

ఇద్దరూ లోపలికి వెళ్లారు. చెన్నకేశవులు తల ఎత్తాడు. "ఏమ్మా, లీవు కావల్లనా? తీసుకో."

"కాదు... అన్నా."

"ఫ్యాను సాలడం లేదా?"

మల్లేశ్వరి పెదవులు కదిలాయి గాని, బలవంతంగా ఆపుకుంది. రుక్సానా గల్లాపెట్టె అంచు పట్టుకుని నిలబడింది.

"నాకు... పని కావల్ల."

"పని చేస్తానే ఉండావు కదమ్మా!"

"కూసుంటాండాను... అంతే. రేటు చీటీలు... నాకియ్యండి. చేతకాకపోతే... తీసేయండి. ఊరికే జీతం... నాకొద్దు."

ఆ నాలుగు మాటలు చెప్పేసరికి ఆమె నుదురు చెమర్చింది. అవతల ఎవరో పిలుస్తున్నా చెన్నకేశవులు అటు తిరగలేదు. ఆయన మొహం చిన్నబోయింది. "నీ మంచికే అనుకుంటి కదమ్మా" అన్నాడు చివరికి.

"తెలుసు... అన్నా."

ఆ రోజే కుర్చీ కంప్యూటర్ ముందుకు మారింది. మొదట్లో ఆమె వేలు ఒక మీట నొక్కబోతే పక్కనున్న రెండు కూడా పడేవి. మల్లేశ్వరి రంధ్రాలున్న ప్లాస్టిక్ పలక ఒకటి తెచ్చి కీబోర్డు మీద బిగించింది. వేలు రంధ్రంలోకి దిగితే ఒక్క మీటే పడుతుంది. చీటీల మిషను ఎడమచేతికి అందేలా జరిపింది. రేట్లు గుక్క తిప్పుకోకుండా చదవొద్దని, రాసి ఇవ్వమని మోయిన్‌కు నేర్పింది. అందరికంటే కష్టం చెన్నకేశవులుతోనే. రుక్సానా ఒక చీటీ అంటించడానికి తంటాలు పడుతుంటే ఆయన లేచి వచ్చేవాడు. "కూసో అన్నా, ఆయమ్మ చేసుకుంటాది" అని మల్లేశ్వరి ఆయన్ని వెనక్కి పంపేది.

మెల్లగా చేతికి పని పట్టుబడింది. వచ్చిన సరుకు వచ్చినట్టే చీటీలతో అరల్లోకి ఎక్కసాగింది. మోయిన్‌కు బేరాలు చూసుకోవడానికి ఊపిరి ఆడింది. రోజూ వచ్చే మల్లేశ్వరి వారానికొకసారి రావడం మొదలుపెట్టింది, తర్వాత ఫోను చేసి కనుక్కోవడమే.

రంజాన్ ముందు రద్దీలో ఒక సంగతి జరిగింది. హొళగుంద వ్యాపారి ఒకడు అరల్లోంచి దుప్పట్లు గుట్టలుగా తెచ్చి గల్లాపెట్టె ముందు పెట్టి ముసిముసిగా నవ్వుతున్నాడు. చెన్నకేశవులు చీటీ చూసి అదిరిపడ్డాడు.

"ఎవరు కొట్టినారీ చీటీలు?"

"నేనే... అన్నా."

"కండ్లు యాడ పెట్టుకోని కొట్టినావు? దుప్పటికి తువ్వాలు రేటు ఏస్తే దుకాణం మూసుకోని పోవల్లనా నేను?"

మోయిన్ అడ్డం వచ్చాడు. "పోనీలేన్నా, ఆయమ్మ పాపం..."

"పాపమేందిరా? నువ్వు చేసింటే ఊరుకుంటానా?"

రుక్సానా చెవులు వేడెక్కాయి. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ నీళ్ల వెనకనే గుండెలో ఏదో పొంగింది. తలెత్తి ఆయన కళ్లలోకి చూసింది.

"తప్పు నాదే. ఇప్పుడే... మారుస్తా."

"మార్చు, బిరీన. ఇంకోసారి అంటించే ముందు ఒకటి నాకు సూపించు" అంటూ ఆయన ఇంకో బేరంలోకి తిరిగిపోయాడు.

ఒక్కో చీటీ గోటితో ఊడదీసి, కొత్తవి అంటించి, ఒళ్లు హూనమై ఇంటికి చేరింది. గడపలోంచే కేక వేసింది. "అమ్మీ! ఈ పొద్దు... నన్ను తిట్టినాడు!"

కూతురు పకపకా నవ్వుతుంటే మదార్‌బీకి మొదట ఏమీ అర్థం కాలేదు. అర్థమయ్యాక ఆమె కూడా కూతుర్ని పట్టుకుని కళ్లు తుడుచుకుంటూ నవ్వింది.

ఆ దుకాణానికి దుప్పట్లు నేయించి పంపే బసవరాజుది ఎమ్మిగనూరు. బుద్ధి నిదానంగా పనిచేసే రామాంజి అనే కుర్రవాణ్ణి పనిలో పెట్టుకోమని మల్లేశ్వరి అడుగుతుంటే ఆయన రేపు మాపంటూ దాటేసి, చివరికి ఇలాంటివాళ్లతో పని ఎలా సాగుతుందని చెన్నకేశవులును అడిగాడు. "నన్నేం అడుగుతావప్పా? మా రుక్సానానే అడుగు" అన్నాడు చెన్నకేశవులు. ఆమెకు ఒకపూట సెలవిచ్చి పంపాడు.

మల్లేశ్వరితో కలిసి రుక్సానా బస్సెక్కి ఎమ్మిగనూరు వెళ్లింది. షెడ్డులో మగ్గాల చప్పుడుకు చెవులు గింగురుమంటున్నాయి. ఆమె నోరు తెరిచింది. బసవరాజు చెవి ముందుకు పెట్టి, వినపడక మల్లేశ్వరి వైపు చూశాడు.

"ఏమంటాందమ్మా ఈయమ్మ?"

"నన్నెందుకన్నా అడుగుతావు? ఆయమ్మ నీతోనే మాట్లాడతాంది."

బసవరాజు తడబడ్డాడు. తర్వాత వెనక్కి తిరిగి చెయ్యి ఊపాడు. ఒకటి తర్వాత ఒకటిగా మగ్గాలన్నీ ఆగిపోయాయి. నేతగాళ్లంతా ఆమె వైపే తిరిగారు. రుక్సానా తొందరపడలేదు.

"రామాంజికి... ఒక్కో పనే సెప్పండి. చేసి సూపించండి. మర్చిపోతే... మళ్లా సూపించండి. తప్పు చేస్తే... తప్పని సెప్పండి. పాపమని... దాయొద్దు. పని వస్తాది... అన్నా. నాకు... వచ్చింది."

ఆఖరి మాట దాకా ఎవరూ అందుకోలేదు. బసవరాజు గడ్డం నిమురుకున్నాడు. "నూలు కండెలు చుట్టే పని నేర్పిస్తా. సోమవారం తోలుకోనొస్తారా?"

మల్లేశ్వరి నోరు తెరిచేలోపే రుక్సానా జవాబు చెప్పేసింది.

"వస్తాం."