కుంగని ట్రక్కు

బరువుకి వెనక భాగం కుంగి ఉందని తాను రిపోర్టులో రాసిన ట్రక్కు అసలు కుంగేదే కాదని ఎలీసియోకి కోర్టు వరండాలో తెలిసింది.

చెప్పింది ట్రక్కు సొంతదారే. బల్దెమార్‌కి డెబ్బై దాటాయి. జ్ఞానస్నానం నాడు ఎలీసియోని ఎత్తుకున్న జ్ఞానతండ్రి; ఎలీసియో ఆయన్ని 'పద్రీనో' అంటాడు, ఆయన ఇతన్ని ముద్దుగా 'చేయో' అంటాడు. ఇప్పుడా చేతుల్లో టోపీ నలుగుతోంది.

"కరువేడు నీళ్ల ట్యాంకు కోసం కమాను కట్టలు పీకించి, ఇనప దూలం వెల్డింగ్ చేయించా కదరా చేయో! ఆబోతుని ఎక్కించినా అంగుళం దిగదు. నడుం విరుగుతోందని మీ అమ్మ తిట్టేది, మర్చిపోయావా?"

"మీ లాయరమ్మకి చెప్పావా, పద్రీనో?"

"నిన్ననే వచ్చి టేపు పెట్టి కొలిచింది. ఫొటోలు కూడా."

ఎలీసియో యూనిఫాం వీపుకి అంటుకుపోయింది. సరిహద్దు గస్తీలో తొమ్మిదేళ్ల సర్వీసు. బండి ఆపాలంటే కంటికి కనిపించే కారణం ఏదో ఉండాలి, మొహం ఒక్కటే చాలదు; వెనక కుంగితే మనుషుల్ని దాచారని అనుమానించొచ్చు. ఆ కారణం నిలిస్తే పెద్దాయనకి జైలు. నిలవకపోతే కేసే లేదు. ఆయన చేసిందల్లా, దవడ వాచిపోయిన తన ఇంటి వంటమనిషి నియెవెస్‌ని పన్ను పీకించడానికి తీసుకెళ్లడం. ఆమెకి ఈ దేశంలో ఉండే కాగితాలు లేవు, అలాంటివాళ్లని బండిలో ఎక్కించుకోవడం నేరం.

"ఒక్కటి చెప్పు," పెద్దాయన గొంతు తగ్గించాడు. "నేను వేలెత్తాను. చూశావా, లేదా?"

సరిహద్దు పక్కన పశువుల బీళ్ల దారుల్లో ఎదురైన ప్రతి బండికీ స్టీరింగ్ మీంచి ఒక వేలు ఎత్తుతారు. ఎత్తనివాడు పరాయివాడు. రిపోర్టులో రెండో వాక్యం: 'డ్రైవరు నా వైపు చూడలేదు.'

"లోపలికి పిలుస్తున్నారు," అన్నాడు ఎలీసియో తల వంచుకుని.

పెద్దాయన తరఫు లాయరు ఒఫేలియా, బోనెక్కిన ఎలీసియోకి ఫొటో చూపించింది. "కుంగిందేమిటి ఆఫీసరుగారూ? దూలమా, రోడ్డా?"

వెనక బెంచీలో ఎవరో కిసుక్కుమన్నారు.

ప్రభుత్వ లాయరు చప్పున లేచాడు. "ఎండలో కళ్లు మోసం చేసి ఉంటాయి. అంతే కదూ?"

అవునంటే చాలు, పొరపాటు కింద పోతుంది, కేసు నిలుస్తుంది. ఎలీసియో పెద్దాయన కేసి చూశాడు. ఆయన బల్లమీద ఆనించిన చేతినుంచి ఒక వేలు, అలవాటుగా, పైకి లేచింది.

"కాదండీ," అన్నాడు ఎలీసియో. "ట్రక్కు కుంగలేదు. రెండు గోధుమరంగు మొహాలు కనిపించాయి, సరిహద్దు దాటొచ్చినవాళ్లనుకుని ఆపమని లైట్లు వేశాను. నాదీ అదే రంగు. దగ్గరికొచ్చాక ఆయన్ని గుర్తుపట్టాను. పక్క సీట్లో తోటి ఆఫీసరు చూస్తున్నాడు. నీ మనిషని వదిలేశావంటాడని భయమేసింది. కుంగిందని నేను ప్రతి రిపోర్టులోనూ రాస్తాను, ఎవరూ అడగలేదు. ఆయన నాకేసి చూశాడు, వేలు కూడా ఎత్తాడు. నేనే తిరిగి ఎత్తలేదు."