గోడ తీర్చిన ముయ్యి

రండి, రండి. ఎండలోంచి ఇట్లా నీడకు జరగండి. సుంకప్పా, చెల్లెల్ని ఒళ్లో కూర్చోబెట్టుకో, చోటు సరిపోతుంది.

ఓర్వకల్లు దగ్గరి పల్లెలో గురమ్మ అని ఉండేది. పొద్దున్నే రొట్టెలు తట్టి, కూతురు నాగక్కను బడికి పంపి, ముయ్యికి పోయేది. ముయ్యి అంటే తెలుసు కదా? ఈరోజు నా చేనికి నువ్వొస్తే, రేపు నీ చేనికి నేనొస్తా. తీర్చకపోతే ఊళ్లో తలెత్తుకోలేరు.

కర్నూలు రాజధానిగా ఉన్నప్పుడు మిట్టమీద యూనివర్సిటీకి పునాది తీశారు. పల్లెలన్నీ ముయ్యికి పోయినట్టే పోయినాయి. గురమ్మ కూడా రాళ్లు మోసింది. ఆనక రాజధాని తరలిపోయింది గానీ, యూనివర్సిటీ మాత్రం వాన పడినప్పుడల్లా పెరిగేది. పదును వాన పడితే కొర్రచేను మాదిరి గదులు వరుసగా మొలిచేవి. తుంపర పడితే ఒక అరుగో, కిటికీయో. సున్నం కొట్టేవాళ్లు వచ్చి కొట్టిపోయేవాళ్లు.

నాగక్క బడి చదువు పాసైన ఏడు వాన లేదు. గురమ్మ కూతుర్ని వెంటబెట్టుకుని యూనివర్సిటీకి పోయింది.

"చదువుకు సీటుండాదమ్మా, పండుకునేదానికే చోటు ల్యాదు" అన్నాడు గుమాస్తా ప్రేమయ్య. "ఆడపిల్లల గదులు ఈ ఏడు మొలవాల్సింది. వాన యాడ పడింది? వచ్చే ఏడు రాండి."

"వచ్చే ఏటికి దీని చేతిలో తట్ట ఉంటాదప్పా, పుస్తకం ఉండదు."

గురమ్మ బయటికొచ్చి గోడమీద చెయ్యి పెట్టింది. "నీ పునాదికి నేనొస్తి. ఇప్పుడు నా బిడ్డకు నువ్వు రావాల."

ప్రేమయ్య నవ్వినాడు. "గోడకేం తెలుసు గురమ్మా, ముయ్యి?"

"మా చేతుల్లో పెరిగిందే కదప్పా. తెలీకుండా యాడికి పోతాది?"

దావలో తాగేదానికి తెచ్చుకున్న కుండెడు నీళ్లు గోడ మొదట్లో వంచేసింది.

"మ్మా, మనకో?" అంది నాగక్క.

"నువ్వుండు."

బస్సు తప్పిపోయింది. తల్లీకూతుళ్లు అరుగుమీదే పండుకున్నారు. తెల్లారి చూస్తే గోడ పక్కన ఒక గది. కుండెడు నీళ్ల గది కదా, చాప పరిస్తే నిండిపోయేంతే. వాకిలి సరిగ్గా గురమ్మంత ఎత్తే ఉంది.

ప్రేమయ్య వంగి లోపలికి పోయి, చూసి, వంగి బయటికొచ్చినాడు. తాళంచెవి తెచ్చి నాగక్క చేతిలో పెట్టినాడు. "సున్నానికి మనిషిని పంపిస్తాలే" అన్నాడు.

గురమ్మ ఖాళీ కుండ చంకన పెట్టుకుని ఊరికి పోయింది. నాగక్క ఆ గదిలోనే ఉండి చదువుకుంది. రోజూ ముఖం కడుక్కున్న నీళ్లు గోడ మొదట్లోనే పోసేది. వచ్చే ఏడు ఇంకొక పిల్ల వస్తాది కదా.

ఇంక లేవండి. మీ అమ్మలు సంగటి దించి ఉంటారు. వేడిమీదే తినండి, పోండి.